బెజవాడ ఎండలో హెచ్‌డీపీఈ గ్రోబ్యాగులు: ఏది కొనాలి, ఏది వద్దు

ముందే చెప్పేస్తాను. ఎండాకాలం కూరగాయలకి గ్రోబ్యాగు, అంటే మట్టి నింపి మొక్కలు పెంచే హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ గుడ్డ సంచి, కొనాలనుకుంటే 24×12 అంగుళాలది కొనండి. అంటే గుండ్రంగా రెండడుగుల వెడల్పు, అడుగు ఎత్తు. చవగ్గా వస్తున్నాయి కదా అని 12×12 సంచులు డజను తెచ్చి పెరట్లో వరసగా పేర్చినవాళ్లు మా వీధిలోనే చాలామంది ఉన్నారు. మార్చిలో వాళ్ల తోట చూస్తే ముచ్చటేస్తుంది. మే వచ్చేసరికి పొద్దున పోసిన నీళ్లు పదకొండింటికల్లా అయిపోతాయి, మధ్యాహ్నానికి మొక్క తల వాల్చేస్తుంది. పాపం వాళ్లు రెండు పూటలా నీళ్లు పోస్తూనే ఉంటారు. అంత చిన్న సంచిలో ఎంత పోసినా నిలవదు.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మాది సత్యనారాయణపురంలో పాతకాలం ఇల్లు. వెనక గచ్చు చేసిన పెరడు, పడమటి వైపు ప్రహరీ. ఏప్రిల్ చివర్లో బడికి సెలవులిస్తే మళ్లీ తెరిచేది జూన్‌లోనే. అందరూ తోటపని ఆపేసే రోజుల్లో నాకు తీరిక దొరుకుతుంది కాబట్టి నా తోటంతా ఎండాకాలం తోటే. ఈ సంచులు రెండో వేసవి కూడా దాటాయి, అందుకే వీటి గురించి ధైర్యంగా రాస్తున్నాను.

వెడల్పు గురించి ఎందుకింత పట్టుబడుతున్నానో చూడండి. 12×12 సంచిలో పట్టే మట్టి సుమారు 22 లీటర్లు. 24×12లో 89 లీటర్లు. ఎత్తు అంతే ఉన్నా వెడల్పు రెట్టింపయితే మట్టి నాలుగింతలవుతుంది. మరి పక్కగోడ? నాలుగు చిన్న సంచుల పక్కగోడలు కలిపితే 1,800 చదరపు అంగుళాల పైమాట. అంతే మట్టి పట్టే పెద్ద సంచికి 900 చిల్లర. మట్టి అంతే, ఎండ తగిలే గోడ మాత్రం సగం. పైభాగాన్ని మనం ఆకులతోనో గడ్డితోనో కప్పుకోవచ్చు. పక్కగోడకి ఆ రక్షణ ఉండదు, పడమటి ఎండ తిన్నగా దాని మీదే పడుతుంది. మే నెలలో మూడింటప్పుడు చిన్న సంచి పడమటి అంచున మట్టిలో వేలు పెట్టి చూడండి, ఎక్కువసేపు ఉంచలేరు. మొక్క వేళ్లు ఉండేది అక్కడే. పెద్ద సంచిలోనూ అంచు కాలుతుంది, కానీ నడిమి మట్టి చల్లగా ఉంటుంది, వేళ్లు అటు తప్పుకుంటాయి.

ధర కూడా పెద్ద సంచికే మొగ్గు. నాకు 24×12 ఒక్కోటి 190 రూపాయలకి పడింది, 12×12 అయితే 60. పైన రెండంగుళాలు వదిలి నింపుతాం కాబట్టి పెద్దదానిలో నికరంగా 74 లీటర్ల మట్టి, చిన్నదానిలో 18 చిల్లర. లీటరుకి లెక్క కడితే పెద్దది రెండున్నర రూపాయలు, చిన్నది మూడు రూపాయల పైన. 18×18 కూడా దొరుకుతుంది, దానిలో అంచు దాకా నింపితే 75 లీటర్లు పడతాయి. ఒంటి వంగ మొక్కకో, కరివేపాకుకో అది బాగుంటుంది గానీ బెండ, తోటకూరలకి అంత లోతు దండగ. ఆకుకూరలు మాత్రమే వేస్తానంటే 24×9 చాలు.

ఇక నాణ్యత సంగతి. గ్రోబ్యాగు మీద రాసే ముఖ్యమైన అంకె జీఎస్ఎం. చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో అది చెబుతుంది. మన ఎండకి 220కి తగ్గిన సంచి వద్దని నా గట్టి అభిప్రాయం. అయితే రాసేదొకటి, పంపేదొకటిగా ఉంటోంది. దీన్ని పట్టుకోవడానికి వంటింట్లో ఉండే చిన్న ఎలక్ట్రానిక్ తూకం చాలు. 24×12 సంచికి పక్కగోడ, అడుగు కలిపి గుడ్డ దాదాపు 0.88 చదరపు మీటర్లు. అంటే 220 జీఎస్ఎం సంచి 190 గ్రాములకి తగ్గకూడదు, 260 అయితే 230 గ్రాముల దగ్గర ఉండాలి. కుట్టు మడతలు, పట్టీలు ఇందులో కలపలేదు, అవి కలిస్తే ఇంకాస్త ఎక్కువే తూగాలి. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు 260 అని రాసి పంపిన సంచి నా తూకం మీద 160 గ్రాములు చూపించింది. మడతలు, పట్టీల బరువు తీసేస్తే అది 180 జీఎస్ఎం కూడా కాదు. తూకం మీద పెట్టిన ఫొటో, ఈ లెక్క కలిపి పంపితే మారు మాట్లాడకుండా డబ్బు వెనక్కి ఇచ్చారు. మట్టి నింపేశాక ఈ అవకాశం ఉండదు, సంచి ఇంటికి రాగానే తూచండి.

రెండోది కుట్టు. సంచిని తిరగేసి అడుగు చుట్టూ చూడండి, రెండు వరసల కుట్టు ఉండాలి. నా సంచుల్లో గుడ్డ ఇప్పటికీ గట్టిగానే ఉంది, ముందు పోయింది దారం. అదీ పడమటి వైపు, పై అంచు మడిచి కుట్టిన చోట. ఒకచోట జానెడు మేర వీడిపోయి మడత తెరుచుకుంది. దబ్బనం, వలలు అల్లే నైలాన్ దారం తెచ్చి పాత కుట్టు రంధ్రాల్లోంచే మళ్లీ కుట్టాను, ఆ తర్వాత వేసవంతా కదల్లేదు. అడుగు కుట్టు వీడితే మాత్రం మట్టి ఉండగా కుట్టడం కుదరదు. అందుకే కొనేటప్పుడు అడుగు చూడమంటున్నాను.

పట్టీలు చూసి మోసపోకండి. అవి ఖాళీ సంచిని సర్దుకోవడానికే. తడిసిన మట్టితో 24×12 సంచి 70 కిలోల పైనే ఉంటుంది, పట్టీ పట్టుకుని లాగితే గుడ్డతో సహా ఊడి వస్తుంది. ఎక్కడ పెట్టాలో ముందే నిర్ణయించుకుని అక్కడే నింపుకోవాలి. మేడ మీద పెట్టేవాళ్లకి ఈ బరువు ఇంకా ముఖ్యం. మనుషులు తిరిగే మేడకి ఇంజనీర్లు మామూలుగా పట్టుకునే లెక్క చదరపు మీటరుకి 150 కిలోలు. ఈ సంచి తన కింద ఉన్న కాస్త జాగా మీద మోపే బరువు ఆ లెక్కని దాటేస్తుంది. పక్కపక్కన గుంపుగా పెట్టకుండా, గోడల వెంబడి, దూలాల మీదుగా ఎడం ఇచ్చి పెట్టండి. పాత మేడ అయితే ఇంజనీరుకి చూపించాకే మొదలుపెట్టండి.

నీళ్లు పోయే రంధ్రాలు అడుగున కాకుండా పక్కగోడకి, కింది నుంచి అంగుళం ఎత్తున ఉన్న సంచి తీసుకోండి. ఆ అంగుళంలో మిగిలిన నీరు ఎండాకాలం మొక్కకి మధ్యాహ్నం దాకా ఆసరా. అడుగున రంధ్రాలుంటే గచ్చు మీద ఆనగానే సగం మూసుకుపోతాయి. అయితే బయటికొచ్చిన నీళ్లు ఎటు పోతాయన్నది సంచి అమ్మేవాళ్లు చెప్పరు, ఇంటివాళ్లే చూసుకోవాలి. మా పెరటి గచ్చు పాతది. రెండు చోట్ల పగిలి, ప్రహరీ మూలన కుంగి, అక్కడ నీళ్లు నిలిచేవి. నిలవ నీళ్లంటే దోమలు. పైగా పాకుడు పట్టి అత్తయ్య జారిపడతారేమోనని నాకు టెన్షన్. అందుకని సంచులు దించకముందే తాపీ మేస్త్రిని పిలిపించాం. మీరూ అదే వరస పాటించండి. 70 కిలోల సంచులు పెట్టాక గచ్చు పని పెట్టుకోవడం జరిగే పని కాదు.

ఆయన చేసిన పని దగ్గరుండి చూశాను, బాగా చేశాడు. రసమట్టం పెట్టి వాటం చూశాడు. పది అడుగులకి అంగుళంపావు వాలితే నీళ్లు తడబడకుండా తూము దాకా పోతాయి. కుంగిన మూలన పై పొర చెక్కేసి కొత్తగా వాటం ఇచ్చాడు. పగుళ్ల మీద అలాగే సిమెంటు రాసేస్తారు చాలామంది, అది నాలుగు నెలల్లో పెచ్చులుగా లేచిపోతుంది. ఈయన పగులుని ఉలితో వీ ఆకారంలో వెడల్పు చేసి, దుమ్మంతా బ్రష్‌తో ఊడ్చి, నీళ్లతో తడిపి, సిమెంటు పాలు పోసి, ఆ పైన ఒక పాలు సిమెంటుకి మూడు పాళ్ల ఇసుక కలిపిన మాలు కూరాడు. ఎండ దిగాక, అయిదింటికి మొదలుపెట్టాడు. వెళ్లేముందు ఒక మాట చెప్పాడు:

"టీచర్ గారూ, నేను వేసిపోతాను గానీ వారం రోజులు నీళ్లు పట్టాల్సింది మీరే. ఈ ఎండకి మాలు గట్టిపడకముందే ఆరిపోతుంది. అలా ఆరిందంటే మళ్లీ పగిలినట్టే."

తడిపిన గోనెపట్టాలు కప్పి వారం పాటు పొద్దునా సాయంత్రం తడుపుతూ ఉన్నాం. రోళ్లు పగిలే రోహిణి కార్తె దాటినా ఆ గచ్చు మీద వెంట్రుకంత గీత పడలేదు. ఎండాకాలం సిమెంటు పనులు పెట్టుకోకూడదంటారు గానీ, తడపడానికి ఇంట్లో మనిషి ఉంటే నిక్షేపంగా పెట్టుకోవచ్చు. ప్రహరీ మీది సన్న పగుళ్లకి ఇంత తతంగం అక్కర్లేదు, హార్డ్‌వేర్ షాపులో దొరికే క్రాక్ ఫిల్లింగ్ పేస్టు పుట్టీ బ్లేడుతో నింపితే సరిపోయింది. పెరటి కుళాయి కారుతుంటే లోపలి వాషర్ మార్చుకోండి, పది రూపాయల పని. మర దగ్గర కారితే పాత టేపు పూర్తిగా తీసేసి, మర బిగిసే దిశలోనే టెఫ్లాన్ టేపు చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడివచ్చేస్తుంది.

సంచులని తిన్నగా గచ్చు మీద పెట్టకుండా నాలుగు ఇటుకలు పేర్చి, పైన కడప బండ ముక్క వేసి దాని మీద పెట్టాను. కింద గాలి ఆడుతుంది, ఊడ్చుకోవడానికి చీపురు దూరుతుంది, గచ్చు వేడి సంచి అడుగుకి తగలదు. బండలు కోసే చోట విరిగిన ముక్కలు చవగ్గా ఇస్తారు.

మట్టి కలపడంలో నా పద్ధతి ఎండాకాలానికి తగ్గట్టు ఉంటుంది. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమానంగా, దానికి గుప్పెడు వేపపిండి. కోకోపీట్ పేరుతో అమ్మే కొబ్బరి పొట్టు ఇటుకని ముందు నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి వాడండి, దానిలో ఉప్పు ఉంటుంది. పైన కప్పడానికి నాకు అన్నిటికంటే నచ్చింది చెరకు పిప్పి. వేసవిలో ప్రతి సందు మొదట్లోనూ చెరకు రసం బండి ఉంటుంది, సంచి ఇస్తే సాయంత్రం నింపి పెడతారు. ఎండలో గలగలలాడేదాకా ఎండబెట్టి వేయాలి, పచ్చిది వేస్తే చీమలు పుట్టలు పెడతాయి. రెండంగుళాల మందాన పిప్పి కప్పిన సంచికి పొద్దున్నే ఆరేడు లీటర్లు పోస్తే సాయంత్రానికి వేలు లోపలికి పెట్టినా తడి తగులుతుంది.

పడమటి వైపు షేడ్‌నెట్, అంటే ఎండని కొంత ఆపే వల, కట్టడం తప్పనిసరి. 75 శాతం, 90 శాతం ఎండని ఆపే నెట్ కూడా అంటగడతారు, తీసుకోకండి. కాయగూరలకి 35 శాతం, ఆకుకూరలకి 50 శాతం చాలు. అంతకు మించితే మొక్క సాగిపోయి పూత రాదు. మేలో సాయంత్రాలు ఈదురుగాలి వస్తుంది కాబట్టి నెట్‌ని ఇనుప తీగతో బిగించేయకుండా ఒక పక్క లాగితే ఊడే ముడి వేసుకోండి. గాలివానకి నెట్ తెరచాపలా ఉబ్బి పైపుల్ని కూడా వంచేస్తుంది. పందిరికి నేను జీఐ పైపులు, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపులు, వేయించాను. వెల్డింగ్ చేసిన ప్రతి అతుకు దగ్గరా పై పూత కాలిపోయి తుప్పు అక్కడే మొదలవుతుంది. వెల్డింగ్ అతను వెళ్లకముందే ఆ అతుకులకి రెడ్ ఆక్సైడ్, ఆ పైన ఎనామిల్ పెయింటు వేయించుకోండి.

ఈ సంచుల్లో ఏవి బాగా కాశాయంటే, బెండ. ఒక్కో సంచిలో నాలుగు మొక్కలు. విత్తనం అర్క అనామిక, బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన రకం. పల్లాకు తెగులు తట్టుకునేలా తీసిన రకమది. వాళ్లు ఆన్‌లైన్‌లో కూడా విత్తనాలు అమ్ముతారు, తోటకూరలో అర్క సుగుణ కూడా అక్కడిదే. కోసినకొద్దీ చిగురేస్తుంది. గోంగూర, బచ్చలి, గోరుచిక్కుడు, బొబ్బర్లు ఎండకి వెరవలేదు. టమాటా మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. పగలు 40 దాటి, రాత్రి కూడా వేడి దిగకపోతే పుప్పొడి చెడిపోతుంది, పూత రాలిపోతుంది. ఎరువులు, టానిక్కులు పోసినా నిలవదు. ఆ సంచి వంగకి ఇవ్వండి.

బీర, సొర వేసేవాళ్లు సాయంత్రం పెరట్లో ఉండాలి. ఈ రెండింటి పూలూ పొద్దువాలేటప్పుడే విచ్చుకుంటాయి, ఇళ్ల మధ్య ఆ వేళకి తేనెటీగలు రావు. పిందెలు పసుపు రంగుకి తిరిగి ఎండిపోతున్నాయంటే చాలాసార్లు పరాగం అందకే. ఆరున్నర ప్రాంతంలో మగపువ్వు కోసి, రేకులు తుంచేసి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వు నడుమ మెత్తగా రాయాలి. అత్తయ్య ఇప్పుడు ఈ పని నాకు వదలరు. "నువ్వు హడావుడిగా రుద్దేస్తావమ్మాయ్, పక్కకి జరుగు" అని స్టూలు వేయించుకుని కూర్చుంటారు. మా పందిరికి దిగిన బీరకాయల్లో ఎక్కువ భాగం ఆవిడ చేతివే. కాకరకి మాత్రం పొద్దున్నే చూసుకోవాలి, దాని పూలు తెల్లవారాక విచ్చుకుంటాయి.

మే నెలలో ఆకుల అడుగున సన్నటి సాలెగూడులా, ఆకు మీద తెల్ల చుక్కలు కనిపిస్తే ఆకు రసం పీల్చే ఎర్రనల్లి వచ్చినట్టు. పొడి వేడి దానికి పండగ. ఆకుల అడుగుకి తగిలేలా పైపుతో గట్టిగా నీళ్లు కొట్టడమే మొదటి మందు. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. ఎండలో కొడితే ఆకులు మాడతాయి.

వేరే వాటితో పోల్చమంటే: సిమెంటు తొట్టి ఎన్నేళ్లయినా ఉంటుంది, కానీ కదపలేం, సాయంత్రం దాకా వేడిని పట్టి ఉంచుతుంది. మట్టి కుండీ మొక్కకి హాయి, 74 లీటర్ల మట్టి పట్టే కుండీ కొనాలంటే మాత్రం సంచి ధరకి ఎన్నో రెట్లు. కంబళి లాంటి గుడ్డతో చేసే జియో ఫ్యాబ్రిక్ సంచికి నలువైపులా గాలి ఆడుతుంది కాబట్టి వానాకాలం, చలికాలం దానికి నా ఓటు. ఎండాకాలం ఆ గాలికే తడి ఆరిపోతుంది. బయట తెలుపు, లోపల నలుపు ఉండే పల్చటి పాలిథిన్ సంచులు నారు పెంచుకోవడానికి పర్వాలేదు, సీజనంతా ఉంచితే చిరిగిపోతాయి. హెచ్‌డీపీఈలో నాకున్న ఒకే ఒక్క అసంతృప్తి రంగు. ఎక్కువగా దొరికేది ముదురు ఆకుపచ్చ, అది వేడి లాగుతుంది. నేను పడమటి వరస సంచులకి పాత గోనెపట్టా చుట్టి, నీళ్లు పోసేటప్పుడు దాన్ని కూడా తడుపుతాను.

ఒక జాగ్రత్త. సంచి గుడ్డని అరచేత్తో రుద్దినప్పుడు పొడి అంటుకుంటే దాని ఆయువు తీరినట్టే. ఎండకి ప్లాస్టిక్ చిట్లి రాలుతోందన్నమాట. ఇంకో సీజను లాగుదామని చూడకండి, ఆ పొడి మనం తినే కూరలు పండే మట్టిలోకే పోతుంది. మట్టి వేరే సంచిలోకి మార్చి, పాతది ప్లాస్టిక్ చెత్తలో వేయండి.

సంచులు తయారుచేసేవాళ్లని రెండు అడుగుతున్నాను. జీఎస్ఎం అంకె ప్యాకింగ్ కవరు మీద కాకుండా సంచి మీదే అచ్చు వేయండి, పక్కన తయారైన నెల, సంవత్సరం కూడా. కవరు చెత్తబుట్టలోకి పోతుంది, రెండేళ్ల తర్వాత ఏ సంచి నిలిచిందో, ఏది నిలవలేదో చెప్పడానికి మా దగ్గర ఆధారం ఉండదు. అలాగే బయట తెల్లగా ఉండే 24×12ని అన్ని ఊళ్లలో దొరికేలా చూడండి. ధర ఇరవై, ముప్పై ఎక్కువైనా వచ్చే మార్చికి నేను పడమటి వరసంతా మార్చేస్తాను.